వెండి తీగ

పాత టేపుకు జబ్బు చేస్తే వెచ్చబెట్టడం తప్ప మరో వైద్యం లేదు. శబ్దపు పొరను పట్టి ఉంచే జిగురు ఏళ్ల తరబడి గాలిలోని తేమను తాగి మెత్తబడుతుంది. అలాంటి టేపును తొందరపడి మెషీను మీదికి ఎక్కిస్తే అది అడుగడుగునా అంటుకుని కీచుమంటుంది. దాని మీదున్న శబ్దం గోధుమరంగు పొట్టుగా రాలి చేతికి వస్తుంది. అందుకని ఆ టేపుల ఇంజనీరు ఒక్కొక్క రీలునూ చిన్న ఓవెన్‌లో గోరువెచ్చని వేడికి పగలంతా ఉంచి, చల్లారనిచ్చి, మెషీనులో టేపును చదివే తలను స్పిరిట్ అద్దిన దూదితో తుడిచి, అప్పుడు మాత్రమే దాన్ని నడిపించేది. నడిచిన టేపులోని శబ్దం కంప్యూటరులోకి చేరేది. ఆమె ఈ పనిలోనే యాభై దాటింది.

ఈసారి వచ్చిన రీళ్లు ఒకే మనిషివి. 'రంపం' అన్న పేరుతో జీవితమంతా రొదనే సంగీతంగా చేసిన ఒక ముసలాయన తొలి టేపు నుంచి చివరి టేపు దాకా అన్నిటినీ ఒకే పెట్టెలో, ఒక లావుపాటి పుస్తకంతో సహా, బయటికి తేవాలని ఒక యువ ప్రచురణకర్త పూనుకున్నాడు. ఇనప రేకుల మీద తీగల బ్రష్షు ఈడ్చిన మోత, అరిగిన మోటారు మూలుగు, డబ్బాలో గిలకొట్టిన మేకులు. వీటన్నిటినీ ఆమె ఏ పాత పాటలకూ తీసిపోని శ్రద్ధతో ఎత్తుతూ వచ్చింది. రొదలో ఏది సంగీతమో ఏది తెగులో తేల్చుకోవడమే ఆ పనిలో కష్టం. టేపు గురగురను తీసేయాలి, రేకు గురగురను ఉంచాలి.

చివరి నాలుగు రికార్డుల దగ్గర ఆమెకు ఒక గీత కనిపించింది. కనిపించిందే గాని వినిపించలేదు. కంప్యూటరు తెర శబ్దాన్ని బొమ్మగా చూపిస్తుంది. బొంగురువి కింద, సన్ననివి పైన. ఆ బొమ్మకు పై అంచున వెంట్రుక మందాన ఒక గీత తిన్నగా సాగుతోంది. మధ్యలో తెగుతోంది, కాసేపటికి మళ్లీ మొదలవుతోంది. అంత ఎత్తు శబ్దాలు ఆ వయసు చెవులను ఏనాడో విడిచిపోయి ఉంటాయని ఆమెకు తెలుసు. ఏదో కరెంటు తీగ కక్కిన తెగులు అనుకుంది. ఇల్లూడ్చేవాళ్లు చీపురు చేతిలో ఉండగానే మూలనున్న బూజును కూడా దులిపేసినట్టు, దాన్ని తీసేసి కాపీలు పంపించింది.

మర్నాడు ప్రచురణకర్త మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వచ్చాడు.

"ఏం చేశారక్కా? తీగ ఏది?"

"ఏ తీగ?"

"వెండి తీగ! చివరి రికార్డుల్లో పైన సన్నగా మోగుతూ ఉంటుందే, అది. అది మోగుతుంటే పళ్లు జివ్వుమంటాయి. రంపం అంటేనే అది. పుస్తకంలో వ్యాసం మొత్తం దాని మీదే రాయించాను."

"నాకు వినపడదు బాబూ. తెర మీద చూసి, తెగులనుకుని తీసేశాను."

"మీకు వినపడకపోవడమేంటి?" అని అతను నవ్వబోయి, సగంలో ఆగిపోయాడు. ఆమెకూ అదే ఆలోచన తట్టింది. ఈ టేపులు చేసేనాటికి ఆ ముసలాయన వయసు ఇప్పటి ఆమె వయసు. పైగా జీవితమంతా రేకుల మధ్య గడిపిన చెవులు.

"ఆయన దీన్ని వినే ఉండరు," అంది ఆమె. "తాను పెట్టలేదు. ఉందనీ తెలియదు."

అతను ఓవెన్ మీద వేళ్లతో తాళం వేశాడు.

"ఆయనకి చెప్పకండక్కా. ఆ తీగ వినే నేను ఈ పనిలోకి వచ్చాను. నిజం చెప్పాలంటే మిగతాదంతా రేకుల మోత. నాలాంటి వాళ్లందరికీ రంపం అంటే ఆ నాలుగు రికార్డులే. ఇప్పుడు పోయి, మేం మెచ్చుకున్నది మీరు చేసింది కాదు మాష్టారూ అని చెప్పమంటారా? ఎనభై ఏళ్ల మనిషికి?"

ఆమె కంప్యూటరు వైపు తిరిగింది. గీతను తిరిగి యథాస్థానంలో ఉంచింది. ఉంచిన క్షణం నుంచి, తాను ఒక మనిషిని అతని చెవుల చాటున మోసగించే పనిలో చెయ్యి కలిపానన్న సంగతి ఆమెను వదలలేదు.

ఆఖరి కాపీలు విని సరేననడానికి ముసలాయన రెండు రోజుల తరువాత వచ్చాడు. ఆయన వెంట ఆయన మరదలు కూడా వచ్చింది. భార్య పోయినప్పటి నుంచి ఆయన మందులూ, చెవి మెషీను బ్యాటరీలూ, కోపమూ చూసుకుంటున్నది ఆవిడే. అదే భవనంలో ఆయన కింది ఫ్లాటులో ఉంటుంది. కుర్చీలో కూర్చుంటూనే సంచిలోంచి దూది తీసి చెవుల్లో కుక్కుకుంది.

"ఏమీ అనుకోకండమ్మా. మా బావ సంగీతానికి మా వీధి కుక్కలే ఇల్లు మారాయి."

"కుక్కలకి చెవులున్నాయి," అన్నాడు ముసలాయన. "నీకు నోరొక్కటే ఉంది."

"ఆ నోరు లేకపోతే మీకు మందులెవరు గుర్తు చేస్తారు?"

ఇంజనీరు రికార్డు పెట్టింది. ఆయన వినే పద్ధతి వేరు. స్పీకరు పెట్టెకు పక్కగా కుర్చీ జరుపుకుని, దాని చెక్క మీద ఎడమ చేతి వేళ్లు ఆనించి, కళ్లు మూసుకున్నాడు. రేకు మోత ముదిరినకొద్దీ వేళ్లు విడివడ్డాయి, సద్దుమణిగినకొద్దీ దగ్గరకొచ్చాయి.

"ఇది నచ్చుతుంది నాకు, డాక్టరమ్మా," అన్నాడు. టేపులకు వైద్యం చేస్తుందని ఆమెను అలా పిలవడం మొదలుపెట్టాడు. "కింద రేకు, మధ్యలో మోటారు, పైన ఖాళీ. ఆ ఖాళీ సాధించడానికే ఏడాది పట్టింది. రొద చెయ్యడం ఎవడికైనా వస్తుంది. దాని మీద ఆకాశం నిలబెట్టడమే రాదు."

ఆమె తెర వంక చూసింది. ఆయన ఆకాశమన్న చోట, ఈ చివర నుంచి ఆ చివరకు, ఆ గీత సాగుతోంది. గది మూలన నిలబడ్డ ప్రచురణకర్త ఆమె చూపును పట్టుకుని తల అడ్డంగా ఊపాడు.

"ఇలాగే పోనివ్వండి," అన్నాడు ముసలాయన, లేవబోతూ.

ఇక్కడ ఊరుకుంటే ఇక ఎప్పటికీ ఊరుకోవలసిందే. ఆమె రికార్డు ఆపేసింది.

"పైన ఖాళీ లేదండీ."

"అక్కా!" అన్నాడు ప్రచురణకర్త.

ఆమె తెరను ముసలాయన వైపు తిప్పి గీతను వేలితో చూపించింది. అది మీ టేపుల్లోనే ఉందనీ, తనకూ వినపడదనీ, చిన్నవయసు వాళ్లకు వినపడుతుందనీ, తెగులనుకుని ఒకసారి తీసి మళ్లీ పెట్టాననీ, ఏదీ దాచకుండా చెప్పింది. ఆయన కళ్లజోడు సవరించుకుని ఆ గీతను చాలాసేపు చూశాడు.

"అయితే మీ పుస్తకంలో వెండి తీగ అని రాసింది..."

"నిజంగా వినపడేదేనండి," అన్నాడు ప్రచురణకర్త నేల చూస్తూ.

"కవిత్వం అనుకున్నాను. కుర్రాడు పొంగిపోయి రాశాడనుకున్నాను." ఆయన పొడిగా నవ్వాడు. "ఇన్నేళ్లుగా మీరందరూ మెచ్చుకుంటున్నది నా చేతిలోది కాదన్నమాట. వినిపించగలరా నాకు?"

ఆమె అసలు టేపును మెషీను మీద పెట్టి, వేగాన్ని సగానికి, మళ్లీ అందులో సగానికి తగ్గించింది. వేగం తగ్గినకొద్దీ శబ్దాల ఎత్తు దిగుతుంది. రేకుల మోత నేలలోకి దిగి, ఏదో పెద్ద జంతువు నిద్రలో మూలిగినట్టయింది. దాని మీద, పైనుంచి మెట్టు మెట్టుగా దిగివచ్చినట్టు, ఒక సన్నని ఈల గదిలోకి వచ్చింది. దూది పెట్టుకున్న మరదలు కూడా తలెత్తింది.

ఆయన వేళ్లు చెక్క మీద బిగుసుకున్నాయి.

"నా మెషీన్లలో ఏదీ ఇలా కూయదు," అన్నాడు. "దొంగని పట్టుకోవాలి. రేపు మా ఇంటికి రండి."

ఆయన ఫ్లాటులో పని గది ఎంత ఉందో అంతా సామానే. గోడ వారన రేకులు, బల్లల మీద మోటార్లు, నేల మీద తీగల చుట్టలు. ఇంజనీరు మైకు నిలబెట్టి, తన చిన్న కంప్యూటరు తెరిచి కూర్చుంది. ఆయన ఒక్కొక్క మెషీనూ పెడుతున్నాడు, ఆమె తెర చూసి లేదంటోంది, ఆయన కట్టేస్తున్నాడు. గ్రైండరు మోటారు, రికార్డరు, పాత యాంప్లిఫయరు, బల్ల దీపం, ఫ్యాను. ప్రతిసారీ తెర కింది భాగంలో మబ్బు లేస్తోంది, పై అంచు నల్లగానే ఉంటోంది. ప్రచురణకర్త గుమ్మంలో నిలబడి చెవులు రిక్కించి వింటూ తల అడ్డంగా ఊపుతున్నాడు. తనను నొప్పించిన విషయమే అయినా, ఏ పాపమెరుగని మోటారును నిందితుణ్ణి చేసి నిలబెట్టడంలో ముసలాయనకు ఒక విధమైన ఉత్సాహం పుట్టినట్టే ఉంది.

మరదలు టీ కప్పులు తెచ్చి రేకుల మీద ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడింది.

"ఇంట్లో ఉన్నవన్నీ వేశారుగా. టీవీ ఒక్కటే మిగిలింది."

"టీవీ వేస్తే నా పని సాగేదా?" అన్నాడాయన రికార్డరు వెనక తీగలు చూస్తూ. "ఈ గోడ వట్టి చెక్క. పక్క గదిలో మాటలన్నీ నా మైకులో పడేవి. ఒక్కసారి చెప్పాను మీ అక్కకి, నేను పనిలో ఉన్నప్పుడు ఆపెయ్యమని. ఆపేసింది. మళ్లీ చెప్పాల్సి రాలేదు."

"మోత ఆపింది బావా. టీవీ ఆపలేదు."

ఆయన తీగలు వదిలి తలెత్తాడు.

"సౌండు పూర్తిగా తగ్గించేసి చూసేది. మీరు తలుపేసుకోగానే ఆ మూల కుర్చీలో కూర్చునేది. తెర మీది వాళ్ల పెదాలు చూసి మాటలు కట్టుకునేది. సాయంత్రం కిందికొచ్చి నాకు ఆ కథ చెప్పేది. ఏంటక్కా నిన్న వాడు చచ్చాడన్నావు, ఇవాళ పెళ్లంటున్నావు అంటే, ఏమోనే, నాకలా కనబడింది అనేది." ఆవిడ కప్పులను అందిన రేకు మీద దించింది. "లేచిందంటే కట్టేసేది, కూర్చుంటే వేసేది. దగ్గొస్తే కొంగు అడ్డం పెట్టుకునేది. మీ మైకులో పడుతుందని."

పాత టీవీల్లో బొమ్మను గీసే భాగం సన్నగా కూస్తుందనీ, సౌండు తగ్గించినా ఆ కూత ఆగదనీ ఇంజనీరుకు పనిలో చేరిన కొత్తలోనే తెలుసు. ఆ సంగతి ముందే తట్టకపోవడానికి కారణం ఒక్కటే: ఆమె తెగులును యంత్రాల్లో వెతికింది, పక్క గదిలో ఒక మనిషి ఉండి ఉంటుందని అనుకోలేదు.

"ఆ టీవీ ఏమైంది?" అని అడిగింది.

"మా ఇంట్లో ఉంది. మొన్నమొన్నటి దాకా దాన్నే చూశాను."

ప్రచురణకర్త దాన్ని కింది నుంచి రొప్పుతూ మోసుకొచ్చి, పక్క గదిలో మరదలు చూపించిన మూలన స్టూలు మీద దింపాడు. మధ్య తలుపు వేశారు. ఇంజనీరు ఈ గదిలో తెర ముందు కూర్చుంది, ముసలాయన ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు. గోడ అవతల మరదలు మీట నొక్కిన టక్కుమన్న చప్పుడు వినిపించింది. ఆ తరువాత ఏమీ వినిపించలేదు.

నల్లని పై అంచున, ఎక్కడినుంచో గీసినట్టు, గీత బయలుదేరింది.

"అదే," అన్నాడు ప్రచురణకర్త చెవి మూసుకుంటూ. "అదే, అదే."

తక్కిన ఇద్దరికీ గది నిశ్శబ్దంగానే ఉంది. ముసలాయన వంగి, ఆ గీత మీద వేలు పెట్టాడు. వేలు దాటి అది ముందుకు పోయింది. మరదలు అవతల టీవీ కట్టేసింది కాబోలు, ఆయన చూస్తుండగానే తెగిపోయింది.

"సార్, ఇది ఇంకా గొప్ప సంగతి," అన్నాడు ప్రచురణకర్త. "ఇదంతా పుస్తకంలో పెడదాం. అమ్మగారి ఫోటో పెడదాం."

"తీసెయ్యండి," అన్నాడు ముసలాయన.

"ఏంటి సార్?"

"నాలుగు రికార్డుల్లోంచీ తీసెయ్యండి. వినపడకూడదని కదా ఆవిడ అంత జాగ్రత్త పడింది. ఆ జాగ్రత్తని పట్టుకెళ్లి నా పేరు కింద అమ్ముకోమంటారా?"

తలుపు తెరుచుకుంది. మరదలు మొహం ఎర్రబడి ఉంది.

"బతికున్నప్పుడూ నోరు మూయించారు. ఇప్పుడూ మూయిస్తున్నారు. ఉంచాలన్నా మీరే, తియ్యాలన్నా మీరే. మా అక్క సంగతి ఎవర్నైనా అడిగారా ఎప్పుడైనా?"

"అయితే నువ్వు చెప్పు. ఏం చెయ్యమంటావు?"

ఆ ప్రశ్న కోసం ముప్పై ఏళ్లు ఎదురుచూసిన మనిషిలాగే ఆవిడ నోరు తెరిచింది, కాని మాట రాలేదు. కప్పులు ఏరుకుని చరచరా మెట్లు దిగి వెళ్లిపోయింది.

ముసలాయన కుర్చీలో కూలబడ్డాడు. "ఆవిడ చెప్పేదాకా ఏదీ చెయ్యకండి, డాక్టరమ్మా," అన్నాడు.

ఆవిడ ఒక రోజు చెప్పలేదు, రెండో రోజూ చెప్పలేదు. డిస్కులు అచ్చొత్తేవాళ్లు ప్రచురణకర్తను తొందరపెట్టారు, అతను ఇంజనీరును తొందరపెట్టాడు. ఆమె గీతలేని కాపీలూ గీతతో ఉన్న కాపీలూ రెండూ సిద్ధం చేసి ఉంచింది.

"తీగ ఉన్నవే పంపించెయ్యండక్కా," అన్నాడతను ఫోనులో. "తీయమంటే తీశామని చెబుదాం. ఆయన మళ్లీ విన్నా రెండూ ఒకలాగే ఉంటాయి. ఆయనకెలా తెలుస్తుంది?"

"తెలియదు. అందుకే పంపను."

"తీగ లేకపోతే ఆ రికార్డులు ఎవరూ కొనరు. నేనే కొనేవాణ్ణి కాదు."

"కావచ్చు."

"నా ఇల్లు గుల్లవుతుంది."

"కావచ్చు బాబూ. కాని వినలేని మనిషికి విన్నట్టు నచ్చజెప్పడం నా చేత కాదు. అదొక్కటీ మొదలుపెడితే ఇక ఈ పనికి నన్నెవరూ నమ్మకూడదు."

అతను ఫోను పెట్టేశాడు. అతని మీద ఆమెకు కోపం రాలేదు. తాను వినని దాన్ని తాను తీసింది, ఆయన వినని దాన్ని అతను ఉంచమన్నాడు. ఇద్దరిలో ఎవరికీ ఆ కుర్చీలో కూర్చున్న మనిషి తెలియదు. ఆ సాయంత్రం, ఎవరూ అడగకుండానే, ఆమె మూడో పని ఒకటి చేసింది. చివరి టేపులోంచి రేకులనూ మోటారునూ పూర్తిగా తుడిచేసి, గీతను మాత్రం ఉంచింది. ఈసారి వేగం మార్చలేదు. ఎత్తును మాత్రం ముసలి చెవులకు అందేంత కిందికి దించింది. ఆ గీత ఎంతసేపు సాగితే ముసలాయన భార్య అంతసేపు ఆ కుర్చీలో కూర్చున్నట్టు.

మర్నాడు బావా మరదళ్లు ఇద్దరూ వచ్చారు. ప్రచురణకర్త వాళ్లకంటే ముందే వచ్చి, మొహం మాడ్చుకుని కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. మరదలు దూది తీయలేదు.

"రేకులేమీ లేకుండా, వట్టి అక్కదే వినిపించడం అవుతుందా?" అని ఇంజనీరును అడిగింది. "ఏదీ వినకుండా నేనేం చెప్పను?"

"చేసి ఉంచాను."

మొదట ఏమీ లేదు. తరువాత గదిలో ఒక ఈల లేచి, పక్కింటి పొయ్యి మీద కెటిల్ మరిగే మోతలాగా, నిలకడగా నిలిచింది. అందులో రాగం లేదు, హెచ్చుతగ్గులు లేవు. ముసలాయన చెయ్యి స్పీకరు చెక్క మీదికి వెళ్లబోయి, మధ్యలో ఆగి, ఒళ్లోకి తిరిగి వచ్చింది. ఆగింది శబ్దం. కొన్ని నిమిషాలకు మళ్లీ లేచింది.

"నీళ్లు తాగొచ్చింది," అన్నాడాయన నెమ్మదిగా.

"మీకు టీ పెట్టొచ్చింది," అంది మరదలు. "ఆ వేళకి తలుపు దగ్గర పెట్టి వెళ్లేది. మీరు చల్లారాక తాగేవారు."

ఆయన తల వంచుకున్నాడు. ఈల సాగుతూనే ఉంది. చాలాసేపటికి ఆవిడ ప్రచురణకర్త వైపు తిరిగింది.

"మీ పెట్టెలోంచి తీసెయ్యండి బాబూ. మా అక్కకి నలుగుర్లో కూర్చోవడమే ఇష్టముండేది కాదు. పెళ్లిళ్లలో కూడా వెనక వరసే. ఉంచమని అరవాలనే ఉంది నాకు. కాని అది నా కోపం. అక్కది కాదు."

ప్రచురణకర్త కిటికీ చట్రం మీద పెయింటు గోటితో గీకాడు.

"వ్యాసం మళ్లీ రాయించాలి," అన్నాడు చివరికి.

ముసలాయన మరదలి వంక ఒకసారి చూసి, మళ్లీ శబ్దం వైపే తిరిగాడు. అలా తిరిగిన కాసేపటికే ఈల ఆగిపోయింది. ఇంజనీరు ఎదురుచూసింది. తెర మీద, గీత తెగిన చోటు నుంచి, నల్లని చోటు పక్కకు జరుగుతూనే ఉంది. ఈ టేపు ఇక్కడితో అయిపోయిందా, ఇంకా ఉందా అన్నది ఆమెకు తెలుసు. గీత మళ్లీ మొదలవుతుందో లేదో కూడా ఆమెకు తెలుసు. ఆపడానికి చెయ్యి చాపింది.

"ఉంచండి," అన్నాడు ముసలాయన. "లేచినట్టుంది. వస్తుంది."

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. మరదలు చెవుల్లోంచి దూది తీసి గుప్పిట్లో పట్టుకుంది. బయట ఎవరో తలుపు వేసిన చప్పుడు విని ప్రచురణకర్త ఉలిక్కిపడి, వెళ్లి కిటికీ రెక్కలు చప్పుడు కాకుండా మూసి వచ్చాడు. ముసలాయనకు దగ్గు వచ్చింది. ఆయన జేబులోంచి రుమాలు తీసి, నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు అదురుతున్నా చప్పుడు బయటికి రానివ్వలేదు.